నాలుగు అంగుళాలు

స్టేషన్లో అతన్ని రసమట్టం అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది, అక్కడ తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. పెన్ను పెట్టుకోవాల్సిన జేబులో జానెడు రసమట్టం పెట్టుకు తిరిగే మనిషిని మరేమని పిలుస్తారు? టీ కొట్టుకు వెళ్ళినా ఊరుకునేవాడు కాదు. బల్ల మీద దాన్ని పెట్టి, లోపలి బుడగ ఎటు జరిగిందో కన్నార్పకుండా చూసి, "ఈ పక్క కాలు కింద చెక్కముక్క పెట్టవయ్యా, ఒరిగింది" అనేవాడు. "నీ టీ ఒలికిందా? లేదుగా! తాగి వెళ్ళు నాయనా, నీకో దండం" అని కొట్టతను చేతులు జోడించేవాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉండేది గానీ, ఆ ఫైర్ స్టేషన్‌లో ఏ బండి ఏ క్షణాన కావాలన్నా మొదటి తిప్పుకే స్టార్టయ్యేదంటే అది అతని చలవే. పంపులు, నిచ్చెనలు, జీపు, పడవ, ఆ పడవను మోసే ట్రెయిలర్, అన్నిటి మంచీచెడ్డా వెనక షెడ్డులో ఒక్కడే చూసుకునేవాడు. పని అయ్యాక విప్పిన ప్రతి చోటా తుప్పు గీకి నల్లరంగు పూస్తే గానీ అతనికి ముద్ద దిగేది కాదు. చేసిన పనికి అతుకు కనపడకూడదనేవాడు.

ఆ జీపు నడిపేది అతని బావ, అంటే అక్క మొగుడు. తల్లి పోయేనాటికి రసమట్టానికి తొమ్మిదేళ్ళు. అక్క పెళ్ళయి వెళ్తూ తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకు వెళ్ళింది. "పెళ్ళికూతురు ఒక్కతే అన్నారు, తీరా చూస్తే జంటగా దిగబడ్డారు" అని బావ ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎగతాళి చేస్తూనే ఉన్నాడు, ఆ ఇరవై ఎనిమిదేళ్ళూ సాకుతూనే ఉన్నాడు. పని నేర్పించిందీ, వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి ఈ షెడ్డులో పెట్టించిందీ ఆయనే. రసమట్టం పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "కొలతలు కుదర్లేదు లెండి" అనేవాడు. వీధి చివర ఒక గదిలో ఉండేవాడు గానీ తిండి మాత్రం అక్క చేతి తిండే. బావకు ఒకప్పుడు తాగుడుండేది. మానేసి ఆరేళ్ళయింది. ఊరు మాత్రం మానేసిన సంగతి మరిచిపోయి తాగిన సంగతి గుర్తుంచుకుంది. ఏ ఊరైనా అంతే, మన పాపాల లెక్క మనకన్నా బాగా రాసిపెట్టుకుంటుంది.

ఇక ట్రెయిలర్ సంగతి. కొన్ననాటి నుంచీ అది నేలబారుగానే ఉండేది. గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడల్లా వెనక అడ్డకమ్మీ నేలను గీరుతూ కీచుమనేది. వెనక దీపాలు నాలుగుసార్లు పగిలాయి. "ఒరేయ్ బామ్మర్దీ, దీన్ని ఎత్తుతావా, లేక నన్నే భుజాన వేసుకుని మొయ్యమంటావా?" అని బావ రెండేళ్ళుగా సణుగుతున్నాడు. "ఎత్తుతాలే బావా, ముందు నువ్వు ఆ మోకాలు బాగు చేయించుకో" అని ఇతను దాటేసేవాడు. ఆ వేసవిలో బావ నిజంగానే మోకాలి వైద్యానికని మూడు వారాలు సెలవు పెట్టాడు. సరిగ్గా అప్పుడే స్టేషన్ ఆఫీసర్ షెడ్డులోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఆ ట్రెయిలర్‌ని కాస్త పైకి లేపలేవా? వచ్చే నెల పైవాళ్ళు తనిఖీకి వస్తున్నారు. వాళ్ళ ముందు గీరుకుంటూ పోతే నా పరువేం కాను?"

"లేపొచ్చు సార్. కాగితం మీద రాసివ్వండి, పని పుస్తకంలో ఎక్కించుకుంటాను."

"నాలుగు బోల్టులకి కాగితమా! కాగితం పెడితే అది వెళ్ళి వచ్చేసరికి నేను రిటైరైపోతాను. కానిచ్చెయ్."

కానిచ్చేశాడు. పని చేతనైనవాడికి అది పెద్ద విద్యేమీ కాదు. ఇరుసు కింద బిగించి ఉన్న, బండి బరువు మోసే కమాను పట్టీలను విప్పి ఇరుసు మీదకి ఎక్కిస్తే, ఇరుసు మందమూ పట్టీల మందమూ కలిసి బండి నాలుగంగుళాలు లేస్తుంది. ట్రెయిలర్ ఒక్కటే లేస్తే ముక్కు కిందికి వంగుతుంది కాబట్టి, జీపు వెనక కొక్కేన్ని కూడా నాలుగంగుళాలు పైకి జరిపి బిగించాడు. రసమట్టం పెట్టి చూశాడు. బుడగ నట్టనడుమ నిలబడింది. తనే జీపుకు తగిలించి రోడ్డు మీద మూడు చక్కర్లు కొట్టాడు. తోక ఊగలేదు, స్పీడ్ బ్రేకర్ మీద కిక్కురుమనలేదు. ఆ రోజు అతని మొహం చూడాలి, పరీక్ష పాసైన పిల్లాడి మొహమే!

నీళ్ళ దగ్గరికి మాత్రం తీసుకెళ్ళలేదు. ఎందుకు తీసుకెళ్తాడు? ఫిర్యాదు రోడ్డు మీద గదా. పడవను మోసేది గదా అది, దాని అసలు పని నీళ్ళలో గదా అని ఆ కొలతల మనిషికి ఒక్కసారైనా తట్టలేదు. బావకు కూడా చెప్పలేదు. తిరిగొచ్చాక మొదటిసారి గేటు దాటుతూ కీచుమనకపోతే వెనక్కి తిరిగి ఎలా చూస్తాడో చూడాలని సరదా పడ్డాడు.

బావ సోమవారం పనిలో చేరాడు. బుధవారం మధ్యాహ్నం మూడున్నరకి గంట మోగింది. జలాశయంలో నీళ్ళు తోడే బురుజు దగ్గర నాచు తీస్తున్న తెప్ప తిరగబడింది. ఇద్దరు పనివాళ్ళు. ఒకడు తెప్ప పట్టుకుని కొట్టుకుపోయి ఒడ్డున పడ్డాడు. రెండోవాడికి చెయ్యి విరిగింది, ఉన్న ఒక్క చేత్తో బురుజు ఇనుప మెట్టు పట్టుకు వేలాడుతున్నాడు. ఒడ్డుకు అర కిలోమీటరు దూరం. భోజనం క్యారేజీ తీసుకుపోవడానికి వచ్చిన అతని భార్య ఒడ్డున నిలబడి పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.

రసమట్టం ఆ వేళకి బోల్టులు కొనడానికి బజారుకు వెళ్ళాడు. సైరన్ మోతలో, ఆ కంగారులో గేటు దగ్గర ట్రెయిలర్ కీచుమనలేదని బావ గమనించనే లేదు. జీపు ఏడు నిమిషాల్లో రేవుకు చేరింది. బావకు అక్కడ ఒక గుర్తుంది. సిమెంటు రేవు మీద వెనక్కి దిగుతూ, జీపు వెనక చక్రం నడిమి బొడిపె నీళ్ళలో మునగ్గానే బ్రేకు నొక్కాలి. అంతే, పడవ తేలి దానంతటదే జారుకుంటుంది. పదహారేళ్ళుగా అదే గుర్తు. ఆ రోజూ బొడిపె మునిగింది, బ్రేకు నొక్కాడు. పడవ కదల్లేదు.

పడవను కట్టిన బెల్టు పట్టేసిందేమో అనుకుని ముందుకు లాగాడు. బెల్టు చూశారు, బాగానే ఉంది. మళ్ళీ వెనక్కి. బొడిపె మునిగింది, పడవ రోలర్ల మీద మొద్దులా కూర్చునే ఉంది. తాడు చిక్కుకుందేమో! మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి. మూడోసారి ఇంకాస్త లోపలికి పోనిచ్చాడు. వేసవి గదా, నీళ్ళు అడుగంటాయి, సిమెంటు అక్కడితో అయిపోయింది. ట్రెయిలర్ చక్రాలు రెండూ అంచు దాటి బురదలో దిగబడ్డాయి, బండి వెనక్కి ఒరిగి పడవ రోలర్ల మధ్య బిగుసుకుపోయింది. చివరికి ఆరుగురు నడుంలోతు నీళ్ళలో దిగి పడవను చేతులతో ఎత్తి నెట్టారు. రెండు నిమిషాల పనికి పదకొండు నిమిషాలు పట్టింది. పడవ సగం దూరం వెళ్ళిందో లేదో, మెట్టు మీద చెయ్యి కనపడలేదు.

ఒడ్డున ఉన్నవాళ్ళు ఊరికే ఉంటారా? అందరూ ఫోన్లలో తీశారు. సాయంత్రానికల్లా ఊరంతా చూసింది. అవతల మనిషి చస్తుంటే ఇవతల జీపు ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. "తాగి వచ్చాడట" అన్నాడొకడు. రాత్రికి ఆ 'అట' కూడా ఊడిపోయింది.

మర్నాడు పొద్దున్నే బావను సస్పెండ్ చేశారు. రసమట్టం టేపు తీసుకుని రేవుకు వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో అప్పటికి అతనికే తెలీదు. బావ చెయ్యి అలా తప్పదు అన్న ఒక్క మాట మాత్రం బుర్రలో తిరుగుతోంది. నీటి అంచు చూశాడు. పాదాలతో తడుముతూ నీళ్ళలో దిగాడు, సిమెంటు చివర బురదలో చక్రాల గుంటలు రెండు కాళ్ళకు తగిలాయి. అక్కణ్ణుంచి వెనక్కి కొలుచుకుంటూ వచ్చాడు. ఆ రేవు పన్నెండడుగుల నడకకు ఒక అడుగు దిగుతుంది. అంటే ఒక అంగుళం లోతు కావాలంటే ఒక అడుగు వెనక్కి పోవాలి. నాలుగంగుళాల లోతు కావాలంటే నాలుగడుగులు. పాత గుర్తు దగ్గర ఆపితే ట్రెయిలర్ చక్రాలకీ సిమెంటు అంచుకీ మధ్య మిగిలేది రెండడుగులు.

పడవను నేల నుంచి నాలుగంగుళాలు ఎత్తినవాడు నీటి నుంచి కూడా నాలుగంగుళాలు ఎత్తాడు. ఎత్తింది తను. ఎత్తానని బావకు చెప్పనిది తను. రేవు మెట్ల మీద కూలబడి, "ఎంత పని చేశానురా దేవుడా" అని పైకే అన్నాడు. వినడానికి అక్కడెవరూ లేరు.

తిన్నగా ఆఫీసర్ దగ్గరికి వెళ్ళి చెప్పి ఉంటే సరిపోయేది. అదిగో, అక్కడే మనవాడు తప్పు మీద తప్పు చేశాడు. ఏ క్షణాన ఇంకో గంట మోగుతుందో, ఇంకెవడు ఏ మెట్టు పట్టుకు వేలాడతాడో అన్న భయం ముందుగా పట్టుకుంది. ముందు దించేద్దాం, తర్వాత చెబుదాం అనుకున్నాడు. షెడ్డు తలుపు వేసుకుని, కమాను పట్టీలు విప్పి మళ్ళీ ఇరుసు కిందికి మార్చాడు. కొక్కేన్ని కిందికి జరిపాడు. మూడు గంటలు పట్టింది. చేతులు అలవాటు ప్రకారం పోయాయి. బోల్టులు రాసుకుపోయిన చోటల్లా గీకాడు, నల్లరంగు పూశాడు. చూడబోతే ఆ ఇరుసును పుట్టిన దగ్గర్నుంచీ ఎవరూ ముట్టుకోలేదనిపించేటట్టు ఉంది.

అప్పుడు బావ ఇంటికి బయల్దేరాడు. ముందు బావకు చెప్పి, ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఆఫీసర్ దగ్గరికి వెళ్ళాలని అనుకున్నాడు. వీధిలోనే అక్క ఎదురొచ్చింది.

"మీ బావ గదిలోంచి రావట్లేదురా. నిన్నట్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఇప్పుడేం మాట్లాడకు, రేపు రా."

"అక్కా, ఒక్క మాట చెప్పాలి."

"రేపు చెబుదువుగానిలే. నా మాట విను."

విన్నాడు. నిజం చెప్పాలంటే, వినడానికి సందు దొరికిందని లోపల్లోపల ఊపిరి పీల్చుకున్నాడు కూడా. ఇరవై ఎనిమిదేళ్ళు అన్నం పెట్టిన మనిషి ఎదుట నిలబడి నీ బతుకు నేనే నాశనం చేశానని చెప్పడం మాటలా? మర్నాడు వెళ్ళాడు, గడపదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. ఆ రెండు రోజులే కొంప ముంచాయి.

మూడో రోజు పొద్దున విచారణకు ఇద్దరొచ్చారు. కళ్ళద్దాల మేడమ్ ఒకరు, ఆమె చెప్పింది రాసుకునే గుమస్తా ఒకడు. వారం తర్వాత రావాల్సినవాళ్ళు ఊరి గొడవకి ముందే వచ్చేశారు. రసమట్టం షెడ్డులోంచి బయటికి వచ్చేసరికి జీపుకు ట్రెయిలర్ తగిలించేసి ఉంది. పక్క స్టేషన్ నుంచి తెచ్చిన డ్రైవర్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

"ఎక్కడికండీ?" అనడిగాడు.

"రేవుకి. పడవ దింపి చూస్తారట" అన్నాడు ఆ డ్రైవర్.

రసమట్టం సైకిలు తీసుకుని వెనకాల పరిగెత్తించాడు. అతను చేరేసరికి జీపు రేవు మీద వెనక్కి దిగుతోంది. చక్రం బొడిపె మునిగింది. స్టేషన్ వాళ్ళు చెప్పిన ఆ గుర్తు దగ్గరే డ్రైవర్ బ్రేకు నొక్కాడు. పడవ సుతారంగా తేలి, రోలర్ల మీంచి జారి, నీళ్ళ మీద నిలబడింది. మేడమ్ చేతిలో గడియారం ఆపింది. రెండు నిమిషాల పది సెకన్లు.

"ట్రెయిలర్‌లో ఏ లోపమూ లేదు. రాసుకో" అంది.

"ఆగండి మేడమ్!" అని రసమట్టం అరిచాడు. సైకిలు అక్కడే పడేసి వచ్చాడు. "ఆ రోజు అది ఇలా లేదు. నాలుగంగుళాలు ఎత్తుగా ఉంది. నేనే ఎత్తాను. నిన్నగాక మొన్న నేనే దించాను."

మేడమ్ చెడ్డ మనిషేమీ కాదు. ఓపిగ్గా విన్నది, ట్రెయిలర్‌ని గట్టు మీదికి లాగించింది, పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ఇరుసు కింద టార్చి వేసి చూసింది కూడా. నల్లగా నిగనిగలాడుతున్న రంగు తప్ప ఏమీ కనపడలేదు.

"ఎత్తమని ఎవరు చెప్పారు?"

"మా ఆఫీసర్ గారే మేడమ్."

ఆఫీసర్ పక్కనే ఉన్నాడు. ఒక్క క్షణం రసమట్టం కళ్ళలోకి చూశాడు. తర్వాత చూపు నీళ్ళ మీదికి తిప్పుకున్నాడు. "నేనా? నేనలాంటిదేం చెప్పలేదు మేడమ్. చెబితే పని పుస్తకంలో ఉండాలి కదా."

గుమస్తా పని పుస్తకం తిరగేశాడు. ఉంటే గదా కనపడ్డానికి! ఆ రోజు వీడియోలు మళ్ళీ చూశారు. చక్రాలూ ఇరుసూ నీళ్ళలోనే ఉన్నాయి, ఎత్తో పల్లమో ఎవడికి తెలుస్తుంది? స్టేషన్లో మిగతావాళ్ళని అడిగారు. "అతను ఎప్పుడూ ఏదో ఒకటి విప్పుతూ బిగిస్తూనే ఉంటాడండీ, మేం చూడలేదు" అన్నారు. పాపం, అదీ నిజమే.

"మళ్ళీ ఎత్తి చూపిస్తాను మేడమ్. మూడు గంటలు ఇవ్వండి చాలు. అప్పుడు దింపి చూడండి, పడవ తేలితే నన్ను చెప్పుతో కొట్టండి."

"ఎత్తడం నీకు చేతనవునని నాకు తెలుసు. ఇప్పుడు ఎత్తితే ఇప్పుడు ఎత్తినట్టు తెలుస్తుంది. ఆ రోజు ఎత్తుగా ఉందని ఎలా తెలుస్తుంది?" మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "అది సరే, ఆ డ్రైవర్ నీకేమవుతాడు?"

"మా బావండీ. అక్క భర్త."

మేడమూ గుమస్తా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేడమ్ గొంతు మెత్తబడింది. "చూడు బాబూ, నీ బాధ నాకు అర్థమైంది. ఇంకెవరి ముందయినా ఈ మాట అనకు, ఉద్యోగం పోతుంది. నేను విననట్టే ఉంటాను" అంది. ఉపకారం చేస్తున్నాననే అనుకుంది ఆ తల్లి.

నెల తిరక్కుండా బావ ఉద్యోగం పోయింది. నిర్లక్ష్యం వల్ల ప్రాణనష్టం అని కాగితంలో రాశారు. ఆ నెలలో రసమట్టం తొక్కని గడప లేదు. పెద్దాఫీసుకు మూడుసార్లు వెళ్ళాడు. అర్జీ రాశాడు, బొమ్మ గీసి అంగుళాలు వేసి మరీ రాశాడు. ప్రతిచోటా ఒకటే ప్రశ్న, ఆయన నీకేమవుతాడు? జవాబు చెప్పగానే ఎదుటివాడి మొహంలో అదే జాలి. స్టేషన్లో వెక్కిరించేవాళ్ళు కూడా అతన్ని చూస్తే లేచి కుర్చీ ఇచ్చేవారు. ఎవరైనా కాలర్ పట్టుకుని నువ్వే చంపావని అంటే బాగుండునని అతనికి ఏడుపొచ్చేది. ఒక్కడూ అనలేదు.

కాగితం వచ్చిన మర్నాడు మధ్యాహ్నం అక్క కబురు పంపింది. వెళ్ళేసరికి బావ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గెడ్డం మాసి, మనిషి సగమయ్యాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి తలెత్తి చూశాడు.

"ఆవిడ దగ్గరికి వెళ్ళొచ్చానురా" అన్నాడు. "ఆ పోయినతని భార్య దగ్గరికి. నా వల్లే పోయాడమ్మా, క్షమించమని అడిగాను. మొహాన తలుపేసింది. వెయ్యదూ మరి!"

"నీ వల్ల కాదు బావా." రసమట్టం అతని ముందు కింద కూర్చున్నాడు. "ట్రెయిలర్ నేను ఎత్తాను. నువ్వు సెలవులో ఉండగా. నీకు చెప్పలేదు. నీ గుర్తు దగ్గర ఆపితే తేలదది, నువ్వే కాదు ఎవడు నడిపినా తేలదు. మళ్ళీ నేనే దించేశాను."

"అన్నీ విన్నాను. ఆఫీసులో చెప్పావట, అర్జీలు పెట్టావట." బావ తల అడ్డంగా ఊపాడు. "చిన్నప్పట్నుంచీ నీకు అబద్ధమాడడం చేతకాదు. నా కోసం ఎంతమంది ముందు ఆడావురా!"

"అబద్ధం కాదు బావా, ఒట్టు. అక్క మీద ఒట్టు."

"ఒట్లెందుకురా ఇంక. మూడోసారి వెనక్కి వస్తుంటే నా మోకాలు వణికింది. కాలు బ్రేకు మీద నిలవలేదు. అంచు దాటింది అప్పుడే. జీపులో కూర్చుంది నేను, నాకు తెలీదూ? పడవ కూడా ముందే తేలిందేమో, నేనే చూసుకోలేదేమో. ఆ ఆడమనిషి కేక చెవుల్లో పడుతుంటే నాకేమీ తెలియలేదు. నువ్వు ఎత్తావనీ దించావనీ కథలు చెప్పి నన్ను కాపాడకు. కాపాడితే మోయలేను."

రసమట్టం టేపు తీశాడు. నేల మీద సుద్దముక్కతో రేవు గీశాడు, ఇరుసు గీశాడు, చక్రం గీశాడు. నాలుగంగుళాలు, నాలుగడుగులు, మిగిలింది రెండడుగులు. రెండుసార్లు చెరిపి మళ్ళీ గీశాడు. బావ ఆ గీతల్ని చూడనే లేదు. లేచి, అతని తల మీద చెయ్యి వేసి ఒక్క క్షణం నిలబడి, కుంటుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

అక్క కంచం తెచ్చి ముందు పెట్టింది. తనే వడ్డించింది, తనే కలిపింది. "వీధిలో ఏమనుకుంటున్నారో తెలుసా? తోడబుట్టినవాడంటే అలా ఉండాలట. ఆయన ఏం చేసినా నిన్ను మాత్రం ఎవరూ వేలెత్తి చూపరు, ఆ ధైర్యంతోనే బతుకుతున్నానురా. తిను."

"అక్కా," అన్నాడతను, "ఆ మనిషిని నేనే చంపాను."

"ఊరుకో నాన్నా, నీకేం సంబంధం" అంటూ అక్క అతని వీపు నిమిరింది.